అమ్మను హోమ్‌లో చేర్చే ముందు: రాత్రి డ్యూటీలో ఎవరుంటారో అడగండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. అమ్మగారికి 78 ఏళ్లు. నాన్నగారు పోయాక భీమవరంలో ఒక్కరే ఉంటున్నారు. షుగర్‌కి పొద్దున, రాత్రి ఇన్సులిన్. ఈ ఏడాది రెండుసార్లు బాత్‌రూమ్‌లో పడ్డారు, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం మొదలైంది. మీరు బెంగళూరులో, అన్నయ్య డల్లాస్‌లో. ఉప్పల్‌లో అక్క (మీ పెద్దమ్మ కూతురు) ఉన్నారు కాబట్టి హైదరాబాద్‌లో మూడు హోములు చూశారు. ఒకటి శంకర్‌పల్లి వైపు తోట, లాబీ, ఫిజియోథెరపీ గది ఉన్న పెద్ద క్యాంపస్. రెండోది నాచారం దగ్గర ఒక కాలనీలో మూడంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకుని నడుపుతున్న చిన్న హోమ్. మూడోది ఒక ప్రైవేటు ఆసుపత్రి పై అంతస్తు. అన్నయ్యకి ఫొటోల్లో మొదటిది నచ్చింది, అక్కకి రెండోది నచ్చింది, మీకు టెన్షన్ మిగిలింది. ఏది మంచిదో, ఏది సేఫో ఎలా తేల్చుకోవాలని అడిగారు.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టి, తర్వాత హైదరాబాద్‌లోనే వృద్ధుల హోముల్లో నర్సింగ్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఏ హోమ్‌తోనూ నాకు లెక్కాపత్రం లేదు. అందుకని మొహమాటం లేకుండా రాస్తాను.

పగలు పదకొండింటికి రిసెప్షన్‌లో కూర్చుని కాఫీ తాగితే హోమ్ ఎలాంటిదో తెలియదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఎంతమంది మేలుకొని ఉంటారు, వాళ్లు అక్కడ ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు, నోరు తెరిచి అడగలేని మనిషిని ఎలా చూస్తున్నారు. ఈ మూడూ తెలిస్తే ముప్పావు వంతు తేలిపోయినట్టే. నేను రాసేవన్నీ చివరికి అటే వెళ్తాయి.

అన్నిటికంటే ముందు అమ్మగారికి ఏం కావాలో ఒక కాగితం మీద రాసుకోండి. వృద్ధుల సంరక్షణలో వాడే పాత కొలత ఒకటుంది, 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన బృందం ప్రచురించింది. ఆరు పనులు చూస్తారు: స్నానం, బట్టలు కట్టుకోవడం, బాత్‌రూమ్‌కి వెళ్లి రావడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఒక్కోదానికి సొంతంగా చేస్తారా, చెయ్యి సాయం కావాలా అని రాయండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఆమెకి స్నానానికి, రాత్రిపూట బాత్‌రూమ్‌కి తోడు కావాలి. మందులు పూర్తిగా వేరేవాళ్ల చేతిలో ఉండాలి. తినడం, కట్టుకోవడం సొంతంగానే. ఇది తోడుంటే నడిచిపోయే దశ, మంచాన పడ్డ దశ కాదు. కానీ మతిమరుపు ఉంది కాబట్టి రెండు మూడేళ్లలో పరిస్థితి మారుతుందనుకుని, అప్పుడు కూడా చూసుకోగలిగే హోమ్ చూడాలి. మతిమరుపు గురించి చేర్చే ముందే ఒకసారి న్యూరాలజిస్టుకో, వృద్ధుల వైద్యం తెలిసిన డాక్టరుకో చూపించండి. థైరాయిడ్, బీ12 తక్కువైనా, షుగర్ తరచూ పడిపోతున్నా మతిమరుపులాగే కనిపిస్తుంది. వాటికి మందుంది.

బోర్డు చూసి మోసపోకండి. మన దగ్గర ‘అసిస్టెడ్ లివింగ్’ (రోజువారీ పనులకి తోడుండే చోటు) అని ఎవరైనా రాసుకోవచ్చు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పేద వృద్ధుల కోసం జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, 150 మందికి సరిపడేలా ఆశ్రమాలు పెట్టవచ్చని ప్రభుత్వాలకి చెప్పింది. డబ్బు కట్టి ఉండే ప్రైవేటు హోములో ఎంతమంది నర్సులుండాలో అది చెప్పదు. 2019లో కేంద్ర గృహనిర్మాణ శాఖ రిటైర్‌మెంట్ హోములకి నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. పేరులోనే ఉంది, అవి మార్గదర్శకాలు. కాబట్టి ‘మాకు గవర్నమెంట్ రిజిస్ట్రేషన్ ఉంది’ అంటే ఏ రిజిస్ట్రేషనో కాగితం చూపించమనండి. చాలాసార్లు అది సొసైటీ రిజిస్ట్రేషనో, ట్రస్టు డీడో, ట్రేడ్ లైసెన్సో అయి ఉంటుంది. వాటికీ అమ్మగారి సేఫ్టీకీ సంబంధం లేదు. 2020 జనవరిలో కీసర దగ్గర నాగారంలో ఒక హోమ్ మీద పోలీసులు దాడి చేస్తే లోపల మనుషుల్ని గొలుసులతో కట్టేసి ఉంచిన సంగతి బయటపడింది. అదీ హోమ్ బోర్డు పెట్టుకున్నదే.

ఇక రాత్రి సంగతి. ‘నైట్ ఎంతమంది ఉంటారు?’ అని మేనేజర్ని అడిగితే ‘ట్వంటీఫోర్ అవర్స్ స్టాఫ్ ఉంటారండీ’ అంటారు. అది జవాబు కాదు. ఈ వారం డ్యూటీ రోస్టర్ చూపించమనండి. మీరు వెళ్లిన రోజు రాత్రికి ఏ ఫ్లోర్‌లో ఎవరి పేరుందో చూడండి. పగలు డ్యూటీ చేసిన పేరే రాత్రి గడిలోనూ ఉంటే ఆ మనిషి ఇరవైనాలుగు గంటలు పనిచేస్తోందన్నమాట. అంటే రాత్రి రెండింటికి అమ్మగారు బెల్లు కొడితే ఆమె లేవదు. లేవకపోవడం ఆమె తప్పూ కాదు. నా లెక్కన నడవగలిగే వాళ్లు ఎనిమిది పది మందికి రాత్రి ఒకరు, మంచంలో ఉన్నవాళ్లు నలుగురైదుగురికి ఒకరు ఉండాలి. ఎంత చిన్న హోమ్ అయినా మేలుకొని ఉండేవాళ్లు ఇద్దరికి తగ్గకూడదు. కింద పడ్డ మనిషిని ఒక్క ఆయమ్మ లేపలేదు. లేపబోతే ఇద్దరూ పడతారు.

‘నర్సు ఉంది’ అన్న మాటకి కూడా నాలుగు అర్థాలున్నాయి. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ చేసి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాళ్లు ఉంటారు. ఏఎన్‌ఎం (అంతకన్నా చిన్న కోర్సు) చేసినవాళ్లు ఉంటారు. ఏజెన్సీలో కొద్ది నెలలు ట్రైనింగ్ అయి యూనిఫామ్ వేసుకున్నవాళ్లు ఉంటారు. ఏ ట్రైనింగూ లేకపోయినా అందరూ సిస్టర్ అని పిలిచేవాళ్లూ ఉంటారు. ఆయమ్మల్ని తక్కువ చెయ్యడం లేదు. డైపర్ మార్చడం, స్నానం చేయించడం, ఓపిగ్గా తినిపించడం నర్సు కన్నా వాళ్లే బాగా చేస్తారు. కానీ ఇన్సులిన్ వేసేది, మందులు విడదీసేది, ఊపిరి ఎలా తీస్తున్నారో చూసి డాక్టరుకి ఫోన్ చేసేది చదువుకున్న నర్సై ఉండాలి. ప్రతి షిఫ్టులో ఒకరు, రాత్రి కూడా.

స్టాఫ్ ఎంతకాలంగా ఉన్నారో మేనేజర్ని అడిగితే లాభం లేదు. వరండాలో కనిపించిన ఆయమ్మతో మాట కలపండి. ‘ఏ ఊరమ్మా మీది? ఎన్నాళ్లయింది ఇక్కడ చేరి?’ అంటే చాలు. ఇద్దరు ముగ్గురు రెండేళ్లు, మూడేళ్లు అన్నారంటే ఆ హోమ్‌లో జీతాలు వేళకి పడుతున్నాయని అర్థం. అడిగిన ప్రతివాళ్లూ పోయిన నెలే వచ్చామంటే వద్దు, ఇంకోటి చూడండి. అమ్మగారి సంగతిలో ఇంకో ముఖ్యమైన విషయం, భాష. ఇప్పుడు చాలా హోముల్లో ఒడిశా, జార్ఖండ్, బెంగాల్ నుంచి వచ్చిన అమ్మాయిలు పనిచేస్తున్నారు. మంచిపిల్లలే, కష్టపడతారు. కానీ మతిమరుపు పెరిగేకొద్దీ అమ్మగారికి గోదావరి తెలుగు తప్ప ఇంకేమీ తోచదు. ‘ఒంట్లో నలతగా ఉంది’ అంటే అర్థం చేసుకునే మనిషి ప్రతి షిఫ్టులో ఒకరైనా ఉండాలి.

ఎప్పుడు వెళ్లాలి? మొదటిసారి చెప్పే వెళ్లండి. రెండోసారి చెప్పకుండా సాయంత్రం ఏడున్నరకి, రాత్రి భోజనాల వేళ వెళ్లండి. వీలైతే ఒక ఆదివారం పొద్దున కూడా. విజిటింగ్ అవర్స్ అయిపోయాయని గేటు దగ్గరే ఆపితే పోట్లాడకండి, ‘మా అమ్మని చేర్చాలి, హాల్లో పది నిమిషాలు కూర్చుని వెళ్తాం’ అనండి. గదుల్లోకి పంపకపోవడం న్యాయమే, అక్కడున్నవాళ్లకీ పరువుంది. హాల్లోకి కూడా రానివ్వకపోతే కారణం అడగండి. సాయంత్రం ఏడింటికే అందరూ మంచాలెక్కి లైట్లు ఆరిపోయి ఉంటే అది కూడా గమనించండి. అంతమంది ముసలివాళ్లు అంత తొందరగా వాళ్లంతట వాళ్లు నిద్రపోరు.

ఈ మాట కొంచెం వివరంగా చెప్పాలి. చేతులు తక్కువున్న చోట మతిమరుపున్న మనిషి రాత్రి లేచి తిరుగుతుంటే స్టాఫ్‌కి పెద్ద ఇబ్బంది. దానికి తేలికైన దారి నిద్రమాత్ర. నిద్రమాత్ర వేసిన మనిషి మధ్యరాత్రి బాత్‌రూమ్‌కి లేస్తే తూలి పడుతుంది. పొద్దున మత్తు వదలక సరిగా తినదు, నీళ్లు తాగదు, మింగేటప్పుడు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న వృద్ధులకి మనసును శాంతపరచడానికి వాడే కొన్ని మందుల వల్ల మరణాలు పెరుగుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే గట్టి హెచ్చరిక ఇచ్చింది. అసలు వాడనే కూడదని కాదు, కొందరికి అవసరమవుతాయి. కానీ డాక్టరు రాసిన చీటీ లేకుండా, మీకు ఫోన్ చేసి చెప్పకుండా నిద్రమాత్ర గానీ అలాంటి మందు గానీ కొత్తగా మొదలుపెట్టకూడదని చేర్చేటప్పుడే రాయించుకోండి. చున్నీతోనో గుడ్డతోనో మంచానికి చేతులు కట్టడం గురించి కూడా నేరుగా అడగండి. ‘అబ్బే, మా దగ్గర అలాంటివేం లేవండీ’ అని కొట్టిపారేసే వాళ్లకన్నా, ‘ముక్కు గొట్టం లాగేసుకునే పేషెంటుకి ఫ్యామిలీని అడిగి, డాక్టరు రాస్తే, మెత్తటి గ్లౌజు వేస్తాం, మధ్యమధ్య తీసి చూస్తాం’ అని చెప్పేవాళ్లని నేను ఎక్కువ నమ్ముతాను.

ఇప్పుడు మాట్లాడలేని మనిషి. మీ అమ్మగారు ఇంకా ఆ దశలో లేకపోయినా, హోమ్‌ని కొలవాల్సింది అక్కడే. మంచంలో ఉన్నవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుం కింద, తుంటి మీద, మడమల మీద పుండ్లు పడతాయి. మొదట ఎర్రగా కనిపిస్తుంది, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోదు. అక్కడే పట్టుకుంటే తగ్గుతుంది. చర్మం చీలితే నెలలు పడుతుంది. సిస్టర్ని ‘ఇప్పుడు ఎంతమందికి బెడ్ సోర్లు ఉన్నాయి? అందులో ఇక్కడికొచ్చాక వచ్చినవి ఎన్ని?’ అని అడగండి. ఆసుపత్రి నుంచి పుండ్లతోనే వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, అందుకే రెండో ప్రశ్న. తడుముకోకుండా లెక్క చెప్పిందంటే ఆమె రోజూ చూస్తోందని.

తర్వాత పక్కకి తిప్పే చార్టు చూపించమనండి. మంచం దగ్గర అట్టకి క్లిప్ పెట్టి ఉంటుంది. నిజంగా తిప్పేచోట ఆ కాగితం గజిబిజిగా ఉంటుంది. ఒకచోట 10:15, ఇంకోచోట 12:40, రెండు మూడు రకాల చేతిరాత, ఒకచోట ‘ఫిజియో జరుగుతోంది’ అని, ఇంకోచోట మోషన్ అయిందని రాసి ఉంటుంది. తిప్పనిచోట 10, 12, 2, 4, 6 అని ఒకే పెన్నుతో, ఒకే చేత్తో ముచ్చటగా టిక్కులు ఉంటాయి. ఇన్‌స్పెక్షన్ అంటే భయపడి రేపటి గడిలో కూడా టిక్కులు పెట్టేసిన చార్టులు నేను చూశాను. కాగితం శుభ్రంగా ఉందని మురిసిపోకండి.

మీరు ఎక్కువ భయపడాల్సింది మాత్రం ఇన్సులిన్ గురించి. ఇళ్లలో చాలామంది వాడే మిక్స్‌డ్ ఇన్సులిన్ టిఫిన్‌కి అరగంట ముందు వేస్తారు. ఇంట్లో ఇది సమస్య కాదు, ఇంజెక్షన్ వేసుకుని ఇడ్లీ పెట్టుకుంటారు. హోమ్‌లో ఇంజెక్షన్ వేసేది ఒకరు, టిఫిన్ పంచేది ఇంకొకరు. సిస్టర్ డ్యూటీ మారేలోపు పని ముగించాలని ఏడింటికే అందరికీ వేసేస్తుంది. ఆ రోజు వంటమనిషి ఆలస్యంగా వస్తాడు, ఉప్మా తొమ్మిదింటికి వస్తుంది. ఈ రెండు గంటల్లో షుగర్ 70 కన్నా కిందికి పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు మొదలవుతాయి. మతిమరుపున్న మనిషి తికమకగా మాట్లాడితే ఎవరికీ అనుమానం రాదు. అందుకని మీరు అడగాల్సింది, ‘మా అమ్మకి ఇన్సులిన్ వేసే ముందు టిఫిన్ రెడీ అయిందో లేదో ఎవరు చూస్తారు? ఆ పూట తిననంటే ఏం చేస్తారు?’ అని. దీనికి నర్సు దగ్గర వెంటనే జవాబు ఉండాలి. వేసే ముందు వేలికి గుచ్చి షుగర్ చూసి రాసే పుస్తకం ఉండాలి. ఫ్రిజ్ తెరిచి చూడండి. వాడకంలో లేని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో ఉండకూడదు. వాడుతున్న సీసా మీద తెరిచిన తేదీ రాసి ఉండాలి, పేరు రాసి ఉండాలి. నలుగురికీ ఒకే సీసా నుంచి వేస్తున్నారంటే ఇక అక్కడ ఆగాల్సిన పని లేదు.

మిగతా మందులు కూడా అంతే. స్ట్రిప్పులు కత్తిరించి చిన్న డబ్బాలో కలిపేసి ఉంటే ఏ మాత్ర ఏదో, ఎక్స్‌పైరీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఒక్కొక్కరికి పేరు, ఫొటో అంటించిన బాక్స్, వేశాక సంతకం పెట్టే షీటు ఉంటే మంచి పద్ధతి. ఒకే పేరున్న ఇద్దరు లక్ష్మిగార్లు లేని హోమ్ మన దగ్గర ఉండదు కాబట్టి ఫొటో అవసరం.

అమ్మగారు రెండుసార్లు పడ్డారు కాబట్టి బాత్‌రూమ్‌లోకి మీరే వెళ్లి చూడండి. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా జరిపేదై ఉండాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడితే తియ్యలేం. వెస్టర్న్ కమోడ్ పక్కన గోడకి రాడ్ ఉండాలి, దాన్ని గట్టిగా లాగి చూడండి, టవల్ వేసుకునే స్టాండు పట్టుకుంటే ఊడి వస్తుంది. నీళ్లు పోసి టైల్ మీద చెప్పుల్లేకుండా నడవండి. బెల్లు కమోడ్ దగ్గర, కింద పడ్డా అందేటట్టు ఉండాలి. తీగ పైకి చుట్టి ముడేసి ఉంటే ఆ బెల్లు ఎవరూ వాడడం లేదు. ఒకసారి నొక్కి, ఎవరు ఎంతసేపటికి వస్తారో వాచీ చూసుకోండి, సిగ్గు పడకండి. గీజర్ నీళ్లు మీ చేతి మీద పోసుకోండి. 60 డిగ్రీల నీళ్లకి కొన్ని సెకన్లలోనే చర్మం కాలిపోతుంది, షుగర్ వల్ల కాళ్లకి స్పర్శ తగ్గినవాళ్లకి ఆ సంగతే తెలియదు. మంచం ఎత్తు కూడా చూడండి. కూర్చుంటే పాదాలు రెండూ నేలకి ఆనాలి. కొన్నిచోట్ల దర్జాగా ఉంటాయని ఎత్తు మంచాలు వేస్తారు, అమ్మగారి ఎత్తు ఐదడుగులలోపు అయితే ప్రతి రాత్రీ దూకాల్సిందే.

హోమ్‌లో పడడాలు అసలు జరగవని ఎవరైనా అంటే అబద్ధం. ‘పోయిన మూడు నెలల్లో ఎన్ని ఫాల్స్ అయ్యాయి, రిజిస్టర్ ఉందా, ప్రతిదానికీ ఇంటివాళ్లకి ఎంతసేపటిలో ఫోన్ చేశారు?’ అని అడగండి. పేర్లు మూసి చూపించమన్నా చాలు.

నిప్పు సంగతి మనవాళ్లు అస్సలు అడగరు. 2023 జనవరి 1 తెల్లవారుజామున ఢిల్లీ గ్రేటర్ కైలాష్‌లో వృద్ధుల కేర్ హోమ్‌లో మంటలు లేచి ఇద్దరు పెద్దావిడలు చనిపోయారు. అది ఖరీదైన కాలనీ. మన కాలనీ ఇళ్లలో నడిచే హోముల్లో నేను భయపడేది గ్రిల్ గేటుకి. మతిమరుపున్నవాళ్లు బయటికి వెళ్లిపోతారని ఫ్లోర్‌కొక జరుపుడు గ్రిల్ పెట్టి రాత్రి తాళం వేస్తారు. తాళం వెయ్యడం అవసరమే, తాళంచెవి ఎక్కడుంటుందన్నదే ప్రశ్న. ఆ ఫ్లోర్‌లో మేలుకొని ఉన్న మనిషి నడుముకి ఉండాలి, కింద వాచ్‌మన్ దగ్గర కాదు. రెండో మెట్ల దారి ఉందా, దాని ముందు విరిగిన వీల్‌చైర్లు, ఆక్సిజన్ సిలిండర్లు పేర్చారా చూడండి. మంటలార్పే సిలిండర్ మీద ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందా, నింపిన తేదీ ఎప్పటిదో చూడండి. నడవలేనివాళ్లని కింది అంతస్తులో పెట్టారా, మూడో అంతస్తులోనా? కరెంటు పోతే లిఫ్ట్ జనరేటర్ మీద నడుస్తుందా? లిఫ్ట్‌లో స్ట్రెచర్ పడుతుందా?

తిండి గురించి మీకు చెప్పక్కర్లేదు, ఒకపూట తిని చూడండి. డబ్బు కట్టి తింటామంటే ఎవరూ కాదనరు. నేను చూసేది కంచం మీదకన్నా కంచం పక్కన: ఎవరు తినిపిస్తున్నారు, కూర్చోబెట్టి తినిపిస్తున్నారా పడుకోబెట్టా, తినని కంచాన్ని ఎందుకు తినలేదని అడక్కుండానే తీసేస్తున్నారా. నెలకోసారి బరువు తూచే పుస్తకం ఉండాలి. నెలలో ఐదు శాతం, ఆరు నెలల్లో పది శాతం తగ్గితే అది డాక్టరు చూడాల్సిన విషయం. 60 కిలోల మనిషికి నెలలో 3 కిలోలు. వీడియో కాల్‌లో మొహం మాత్రమే కనిపిస్తుంది, బరువు తగ్గిన సంగతి అన్నయ్యగారికి తెలియదు. నీళ్ల సంగతి కూడా అడగండి. బాత్‌రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని ముసలివాళ్లు తాగడం మానేస్తారు. దాని వెంట యూరిన్ ఇన్‌ఫెక్షన్ వస్తుంది. పెద్దవాళ్లలో అది జ్వరం లేకుండానే ఒక్కసారిగా తికమకగా బయటపడొచ్చు. ‘అమ్మకి మతి ఇంకా పోయింది’ అని ఫోన్ వస్తే ముందు యూరిన్ టెస్టు, షుగర్ చూడమనండి.

ఆసుపత్రితో టై-అప్ ఉందంటారు. టై-అప్ అంటే డిస్కౌంటే, డాక్టరు పరిగెత్తుకు రాడు. అడగాల్సినవి వేరే. రాత్రి రెండింటికి ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేసేది ఎవరు, అమ్మగారి వెంట అంబులెన్సులో ఎక్కేది ఎవరు, ఆ ఎక్కిన మనిషి పోయాక ఫ్లోర్‌లో ఎవరు మిగులుతారు, అడ్మిషన్‌కి అడ్వాన్స్ ఎవరు కడతారు. శంకర్‌పల్లి క్యాంపస్ నుంచి గుండె, మెదడు ఎమర్జెన్సీ చూసే పెద్ద ఆసుపత్రికి సాయంత్రం ఆరింటి ట్రాఫిక్‌లో మీరే కారులో వెళ్లి చూడండి. మేనేజర్ చెప్పే ‘ఇరవై నిమిషాలు’ ఆదివారం పొద్దుటి లెక్క. అక్కడికి ఉప్పల్ నుంచి అక్క వచ్చేసరికి ఎంతసేపవుతుందో కూడా చూడండి.

సీసీ కెమెరాలు చూసి ధైర్యపడకండి. వరండాల్లో ఉంటే మంచిదే. కానీ జరగరానివి గదుల్లో, బాత్‌రూముల్లో జరుగుతాయి, అక్కడ కెమెరా పెట్టకూడదు కూడా. డల్లాస్ నుంచి లైవ్ చూసుకోవచ్చనే మాట అమ్మకానికి పనికొచ్చే మాట. గూగుల్ రివ్యూల్లో ఐదు నక్షత్రాలవి వదిలేసి, ఒకటి రెండు నక్షత్రాలవి చదవండి. ‘డిపాజిట్ ఇవ్వలేదు’, ‘ఫోన్ ఎత్తరు’ అనే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తే నమ్మండి.

అగ్రిమెంట్‌లో నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి. డిపాజిట్ ఎంత, మనిషి మారినా పోయినా ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు. నెల ఫీజులో ఏం కలవవు: డైపర్లు, ఫిజియో, డాక్టర్ విజిట్, ప్రత్యేక అటెండర్. చాలాచోట్ల పైకి చెప్పిన 45 వేలు ఇవన్నీ కలిపేసరికి బాగా పెరుగుతుంది. జీఎస్‌టీ కలిపి చెప్పారా, విడిగానా? (సర్కారు గానీ, ఆదాయపు పన్ను చట్టం కింద రిజిస్టరైన ట్రస్టులు గానీ నడిపే హోముల్లో 60 దాటినవాళ్లకి నెలకి 25 వేల లోపు అయితే మినహాయింపు ఉంది. మీరు చూసినవి అలాంటివి కాకపోతే అది వర్తించదు.) నాలుగోది, అందరూ దాటేసేది: ‘పేషెంట్ పరిస్థితి మారితే యాజమాన్యం డిశ్చార్జ్ చేయవచ్చు’ అనే వాక్యం. డైపర్ దశకి వచ్చినా, రాత్రి తిరుగుతున్నా ఉంచుకుంటారా, ఉంచుకుంటే ఎంత పెంచుతారు? ఉంచుకోలేమంటే ఎన్ని రోజుల నోటీసు? ఈ జవాబు మెయిల్‌లో తీసుకోండి. తేడా వస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, వెళ్లాలంటే కాగితం ఉండాలి. వృద్ధుల మీద వేధింపు, నిర్లక్ష్యం అనిపిస్తే 14567 వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్. ఈ నంబరు అమ్మగారి ఫోన్‌లోనూ అక్క ఫోన్‌లోనూ పెట్టండి. బంగారం, ఏటీఎం కార్డు, పాస్‌బుక్ హోమ్‌కి పంపకండి. గొలుసూ గాజులూ తియ్యనంటే ఒకటి రెండు ఉంచి ఫొటో తీసి మేనేజర్‌తో సంతకం పెట్టించుకోండి.

ఈ హోముల గురించి మాట్లాడేటప్పుడు అమ్మగారిని అడిగారా అన్నది మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. ఆమెకి ఇంకా మాట తెలుస్తోంది. ‘కొన్నాళ్లు ఉప్పల్‌లో అక్క దగ్గర’ అని చెప్పి తెచ్చి హోమ్‌లో దింపడం చాలా ఇళ్లలో జరిగేదే. తర్వాత ఆవిడ నమ్మకం తిరిగి రాదు, హోమ్ ఎంత మంచిదైనా అన్నం ముట్టరు. హోములకి ఆమెని వెంట తీసుకెళ్లి, అక్కడ ఇద్దరు ముగ్గురు పెద్దావిడలతో కూర్చుని పేకాటో కబుర్లో చూసే అవకాశం ఇచ్చి, వీటిలో ఏది నచ్చిందమ్మా అని అడగండి. పెద్దావిడలు ఎవరు కోపిష్టో, ఎవరు దొంగబుద్ధో మనకన్నా ముందే పట్టేస్తారు.

ఇక మీ మూడు హోములు. ఆసుపత్రి పై అంతస్తు నేనైతే పక్కన పెడతాను. నర్సులు, ఆక్సిజన్ దొరుకుతాయి, కానీ నడవగలిగే మనిషికి అక్కడ పొద్దుపోదు. వరండా దాటి బయటికి రాలేరు, ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్లు వేరే. తుంటి ఎముక ఆపరేషనో ఇంకేదో అయినప్పుడు నెలా రెండు నెలలకైతే సరే. శంకర్‌పల్లి క్యాంపస్ సంగతి, రోస్టర్‌లో రాత్రి చదువుకున్న నర్సు ఉందని తేలితే, డబ్బు భారం కాకపోతే, చెడ్డ ఎంపిక కాదు. కానీ మీ ఇంటివాళ్లలో వారానికోసారి చెప్పకుండా వెళ్లగలిగేది అక్క ఒక్కరే, ఆమె అంత దూరం ఎన్నాళ్లు వెళ్తారు? ఇంటి మనిషి తరచూ వస్తారని తెలిసిన పేషెంటు దగ్గర స్టాఫ్ మనసులో అనుకోకుండానే ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటారు. ఇది ఎవరూ ఒప్పుకోరు గానీ ప్రతి హోమ్‌లోనూ నిజం.

అందుకని నా మొగ్గు నాచారం వైపే, గోడలకి రంగు వెలిసినా. గ్రిల్ తాళంచెవి, రాత్రి నర్సు, ఇన్సులిన్ వేళ, ఈ మూడింటికీ సరైన జవాబు వస్తేనే. రాత్రి నర్సు లేదంటే, ఆ ఫ్లోర్‌లో ఇన్సులిన్ వాడేవాళ్ల ఇళ్లవాళ్లు కలిసి అడిగితే పెట్టే అవకాశం చిన్న హోముల్లోనే ఎక్కువ. ఒప్పుకోకపోతే వదిలేసి ఉప్పల్ చుట్టుపక్కలే నాలుగోది వెతకండి, తొందరేం లేదు. అంతదాకా భీమవరంలో రాత్రిపూట పడుకునే మనిషిని పెట్టండి, బాత్‌రూమ్‌లో రాడ్ వేయించండి.

ఏదైనా సరే, మూడు నెలల అడ్వాన్స్ కట్టి చేర్చకండి. నెల రోజులు ట్రయల్ అని చేర్చండి. మొదటి వారం మీరు సెలవు పెట్టి అక్క ఇంట్లో ఉండి రోజుకో వేళ వెళ్లండి, ఒకరోజు పొద్దున ఏడింటికి ఇన్సులిన్ వేళకి, ఒకరోజు రాత్రి భోజనానికి. చేర్చిన రోజే బరువు తూయించి, మడమలు, నడుం చూసి, ఒంటి మీద అప్పటికే ఉన్న మచ్చలు, దెబ్బలు రాయించి ఇద్దరూ సంతకం పెట్టండి. మందుల లిస్టు డాక్టరు లెటర్‌హెడ్ మీద ఉండాలి, వాట్సాప్ మెసేజ్ కాదు. రెండు మూడు వారాలు ‘ఇంటికి తీసుకెళ్లిపో’ అని ఏడవడం మామూలే, అది చూసి వెంటనే హోమ్ చెడ్డదనుకోకండి. ఏడవడం మానేసి, ఫలానా ఆయమ్మ గదిలోకి రాగానే మాట ఆపేస్తే మాత్రం ఆ రోజే కారు తీసుకుని వెళ్లండి.